పాత గౌనుకి కొత్త కుట్టు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న పొడవాటి గౌను ఇవాళ నా ఒంటికి అతికినట్టు సరిపోయింది. ఎంత సంతోషంగా ఉందో!

బట్ట చూసే తీసుకున్నాను. మెత్తటి కాటన్, ముదురు నీలం, ఎక్కడా చిరుగు లేదు. ఆకారమే బాగాలేదు. భుజాలు జారిపోతున్నాయి, స్లీవ్స్ మరీ ఉబ్బుగా ఉన్నాయి, నడుము దగ్గర షేపే లేదు. ముందు ఉతికి ఇస్త్రీ చేశాను. కాటన్ కుంచించుకుపోయేదేదో కత్తిరించకముందే కుంచించుకుపోవాలి కదా. తర్వాత స్లీవ్స్ విప్పడం. అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. దారం పట్టి గట్టిగా లాగితే బట్ట చిరుగుతుంది, అందుకే మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున తెంపుతూ మెల్లగా ఊడదీశాను. లోపలి మడతలో రంగు ఇంకా కొత్తగానే ఉంది, ఎండ తగలని నీలం.

గౌను తిరగేసి వేసుకుని, పక్కలు పిన్నులతో బిగించి, ముందు చేత్తో లూజు కుట్టు వేసి చూసుకున్నాను. కూర్చున్నా, చేతులు పైకెత్తినా పట్టెయ్యడం లేదని నమ్మకం కుదిరాకే మిషన్ మీద పెట్టాను. వెనక రెండు డార్టులు (షేప్ కోసం బట్టని కోసుగా మడిచి వేసే కుట్లు) వేసేసరికి నడుము తేలింది.

కింద కత్తిరించిన ముక్కతో రెండు జేబులు కుట్టాను. జేబుల్లేని గౌను నాకు నచ్చదు. స్లీవ్స్ బట్ట ఇంకా మిగిలింది, దాంతో బెల్టు కుడుతున్నాను.