కొండవీడు కింద నల్లపూసల దండలు

జూన్ ఆఖరు శనివారం. విజయవాడలో గుంటూరు బస్సు ఎక్కేసరికే మబ్బు కమ్మింది, మంగళగిరి దాటేలోపు వాన దంచికొట్టింది. గుంటూరులో బావ బండేసుకుని సిద్ధంగా ఉన్నాడు. కాలేజీలో జువాలజీ చెబుతాడు. "తొలి వాన రాత్రి తప్పితే మళ్లీ ఇంత కప్పల మంద దొరకదు" అన్నాడు. చీకటి పడేలోపు కొండవీడు కొండ కింద ఉన్న పిన్ని వాళ్ల ఊరు చేరాం. "కప్పల కోసమా ఇంత దూరం వచ్చింది!" అంటూనే పిన్ని వేడివేడిగా అన్నం పెట్టింది.

తొమ్మిదింటికి టార్చిలైట్లతో ఊరి బయట కుంట దగ్గరికి వెళ్లాం. ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. బోదురుకప్పల్లో మగవి పసుపు పూసుకున్నట్టున్నాయి, అరిచినప్పుడల్లా గొంతు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతున్నాయి. కానీ మేం లెక్కపెట్టడానికి వచ్చింది ఒళ్లంతా బుడిపెలున్న గోదురుకప్పల్ని. గట్టు చుట్టూ రెండుసార్లు తిరిగితే మగవి 40 తేలాయి. "ఇన్ని ఉన్నాయంటే వీటికేం ఢోకా లేదు" అన్నాను.

"పొద్దున చెప్పు ఆ మాట" అన్నాడు బావ.

తెల్లారి వంగి చూస్తే, నీళ్లలో తుంగ మొదళ్లకు చుట్టుకుని సన్నటి జిగురు తీగలు. లోపల వరసగా నల్లటి గుడ్లు, అచ్చం నల్లపూసల దండలే. ఒక్కో ఆడది రెండేసి పేటలు పెడుతుంది, వాటిలో వేల గుడ్లుంటాయి. పెట్టేసి వెళ్లిపోతుంది. మగవి మాత్రం రాత్రుల తరబడి అక్కడే కాచుకుంటాయి. అందుకే అరుపులు వింటే మంద పెద్దదనిపిస్తుంది. తల్లులెందరో చెప్పేవి దండలే. కుంటంతా వెతికితే ఐదు జతలు కనిపించాయి.

బావ గట్టు మీదే కూర్చుని పుల్లతో లెక్క వేశాడు. 1931లో సీవాల్ రైట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాసిన సూత్రమట. మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, మొత్తం తలలతో భాగించాలి. 40 మగవి, 5 ఆడవి అంటే 800ని 45తో భాగిస్తే దాదాపు 18. జన్యువుల లెక్కలో ఆ 45 కప్పలూ 18 కిందే లెక్క, అంటే మగా ఆడా సమానంగా ఉన్న 18 కప్పల మందతో సమానం. అదీ మగవన్నీ సమానంగా తండ్రులైతేనే. ఆ రాత్రి జత కుదిరింది ఐదు మగవాటికే అనుకుంటే 10కి పడిపోతుంది. రాత్రి నేనన్న మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

కరువేడు వస్తే ఇంకా ఘోరం. వరసగా మూడేళ్లు 100, 100, 10 కప్పలు జత కట్టడానికి వచ్చాయనుకుందాం. సగటు 70 అనుకుంటాం, కానీ జన్యువుల సగటులో తక్కువ వచ్చిన ఏడాదికే బరువెక్కువ, అందుకే అది 25 మాత్రమే. ఒక్క చెడ్డ ఏడాదిలో పోయిన జన్యువుల రకాలు తర్వాత ఎన్ని వానలు పడ్డా వాటంతట అవి తిరిగి రావు. పక్క కుంట నుంచి ఒకటో రెండో కప్పలు వచ్చి కలవాలి. అవి రావాలంటే దారి ఉండాలి. నిన్న వచ్చేటప్పుడు తారురోడ్డు మీద చక్రాల కింద నలిగినవి గుర్తొచ్చాయి. వాటిలో గుడ్లతో బరువెక్కిన ఆడవి ఎన్నో!

తిరిగొచ్చేముందు ఘాట్ రోడ్డు మీదుగా కొండెక్కాం. రెడ్డిరాజుల కోట గోడలు త్వరత్వరగా చూసేసి పైన ఉన్న చెరువు దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. కింది కప్ప ఇంత ఎత్తు ఎక్కి రావాలంటే ఎంత కష్టం! ఇక్కడివాటికి ఉన్న సంబంధాలన్నీ ఇక్కడే చూసుకోవాలి.

బుధవారం పిన్ని ఫోన్ చేసింది. "మీ నల్లపూసలు పిల్లలయ్యాయిరా. గట్టు వారంతా నీళ్లలో నల్లగా తోకలాడిస్తున్నాయి." నీళ్లెంత ఉన్నాయని అడిగాను. మోకాలి లోతు కూడా లేవంది. అవి కాళ్లొచ్చి గట్టెక్కడానికి ఇంకా నెల పడుతుంది. అప్పటి నుంచీ రోజూ గుంటూరు వైపు మబ్బు చూస్తున్నాను.