అడిగాక చెప్పిన శ్లోకం

సత్యనారాయణపురంలో మా బాబాయి పోయిన రోజు, వీధి మలుపులోనే మైకులో భగవద్గీత వినిపించింది. విజయవాడలో ఆ గొంతు వినబడితే చాలు, ఎవరో పోయారని అర్థమైపోతుంది. జీవించడానికి చెప్పిన గ్రంథాన్ని చావు కబురుగా మార్చుకున్నాం. అది వేరే సంగతి.

పలకరింపుకు వచ్చినవాళ్లంతా పిన్నితో ఒకటే మాట: "జాతస్య హి ధ్రువో మృత్యుః. పుట్టినవాళ్లు గిట్టక తప్పదు, ఏడవకమ్మా." నేనూ అన్నాను. "తస్మాదపరిహార్యేఽర్థే న త్వం శోచితుమర్హసి" అని పూర్తి చేసి, తప్పనిదానికి శోకించడం తగదని అర్థం కూడా చెప్పాను. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగిందనుకుని తృప్తి పడ్డాను.

ఆ రాత్రి గీత తెరిచాను. ఆ శ్లోకం రెండో అధ్యాయంలో 27వది. అంతకుముందు మొదటి అధ్యాయమంతా అర్జునుడి విషాదమే. ఆ 47 శ్లోకాల్లో కృష్ణుడు పలికింది, "పార్థా, ఈ కౌరవులను చూడు" అన్న ఒక్క మాట. రెండో అధ్యాయం మొదట్లో ఈ అధైర్యం ఏమిటని మందలించాడు. మందలింపు పనిచేయలేదు, భీష్ముడిని, ద్రోణుడిని బాణాలతో ఎలా కొట్టేదని అర్జునుడు మళ్లీ మొదటికొచ్చాడు. చివరికి ఏడో శ్లోకంలో "శిష్యస్తేఽహం, శాధి మాం", నీ శిష్యుణ్ణి, నాకు బోధించు అని తనే అడిగాడు. ఉపదేశం మొదలైంది 11వ శ్లోకంలో.

పిన్ని నన్నేమీ అడగలేదు.

అస్థికలు కృష్ణలో కలిపారు, పెద్దకర్మ అయింది, చుట్టాలు బస్సులెక్కారు. శాస్త్రం మాత్రం అక్కడితో వదలదు: నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. అవన్నీ పోయినవారి ప్రయాణం కోసమని పురోహితులు చెబుతారు. ఉన్నవాళ్ల గడప తొక్కడానికి మనకొక సాకు కూడా అనుకుంటాను నేను.

మూడో మాసికానికి వెళ్లాను. భోక్తలు వెళ్లిపోయాక పిన్ని ఆ ఉదయం సంగతి ఎత్తుకుంది. కాఫీ తెచ్చేసరికి బాబాయి ఒళ్లో పేపరుతో తల వాల్చేసి ఉన్నాడట. నేను వినడం అది నాలుగోసారి.

"ఏ పేజీ చదువుతున్నాడు పిన్నీ?"

"ఆటల పేజీ. కళ్లజోడేమో కిటికీలో ఉంది. ఏం చదివాడో ఏమో!" అంటూ నవ్వబోయి భోరుమంది. ఈసారి కొంగు నోటికి అడ్డం రాలేదు. నేను పక్కన కూర్చున్నాను.

చావింటి నుంచి "వెళ్లొస్తాను" అనకూడదంటారు. అలవాటుగా ఏమీ అనకుండానే మెట్లు దిగుతుంటే, వెనక నుంచి పిన్నే పిలిచింది.

"వచ్చే మాసికానికి వస్తావుగా?"