చిమ్నీ పరీక్ష నివేదికలో చివరి గడి ఒక్కటే చదివితే సరిపోదు

నల్గొండ అనగానే బయటివారికి ఫ్లోరైడ్ నీళ్లే గుర్తుకు వస్తాయి. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు. గాలి విషయంలో మన పేరు అంతగా ప్రచారంలోకి రాలేదు కానీ, 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు, గాలి నాణ్యతా ప్రమాణాలను అందుకోలేకపోతున్నాయని గుర్తించిన 102 పట్టణాల్లో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్గొండ కూడా ఉంది. మహానగరం, దాన్ని ఆనుకుని ఉన్న పారిశ్రామికవాడ అందులో ఉండడం ఎవరికీ వింతగా తోచదు. ఒక మామూలు జిల్లా కేంద్రం వాటి సరసన చేరడమే ఆలోచించవలసిన సంగతి. రోడ్ల మీది దుమ్ము, నార్కట్‌పల్లి-అద్దంకి రహదారి మీద రాత్రింబవళ్లు తిరిగే లారీలు, నిర్మాణ పనులు, తగలబెట్టే చెత్త, వీటన్నిటికీ ఇందులో వాటా ఉంటుంది. పొగగొట్టాలకూ ఉంటుంది. నా ఉద్యోగం ఆ పొగగొట్టాలను పరీక్షించే ప్రయోగశాలలో కాబట్టి, ఆ పరీక్ష ఎలా జరుగుతుందో, దాని నివేదికను ఎలా చదవాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

కృష్ణా తీరం వెంబడి వాడపల్లి నుంచి సూర్యాపేట జిల్లాలోని మఠంపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయి నేల పరుచుకుని ఉండడం వల్ల అక్కడ సిమెంట్ కర్మాగారాలు వెలిశాయి. మిర్యాలగూడ చుట్టూ ఉప్పుడు బియ్యం మిల్లులు, చిట్యాల, చౌటుప్పల్ వైపు మందుల, రసాయనాల పరిశ్రమలు, పాలమూరు వైపు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఉన్నాయి. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. 1981 నాటి వాయు కాలుష్య చట్టం ప్రకారం ఇలాంటి పరిశ్రమలు నడిపే ముందు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. పొగగొట్టం ఎంత ఎత్తుండాలి, అందులోంచి ఘనమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల దుమ్ము వెళ్లవచ్చు, ఎన్నాళ్లకొకసారి పరీక్ష చేయించాలి అన్న షరతులు ఆ అనుమతి పత్రంలోనే ఉంటాయి. ఆ పరీక్ష కోసమే గుర్తింపు పొందిన ప్రయోగశాలలను పిలుస్తారు.

పరీక్ష జరిగేది కింద నిలబడి కాదు, పొగగొట్టం మీద. గొట్టం గోడకు నమూనా తీయడానికి ఒక రంధ్రం ఉంటుంది, దాన్ని అందరూ పోర్టు హోల్ అంటారు. అది ఎక్కడ పడితే అక్కడ ఉంటే కుదరదు. వంపు తిరిగిన చోట వాయువు సుడులు తిరుగుతుంది, దుమ్ము ఒక పక్కకే ఒత్తుకుపోతుంది. అందుకని కింది వంపు నుంచి గొట్టం వ్యాసానికి 8 రెట్లు పైన, కొస నుంచి 2 రెట్లు కింద రంధ్రం ఉండాలన్నది నియమం. గొట్టం మీటరున్నర వెడల్పు ఉంటే వంపు నుంచి 12 మీటర్లు, కొస నుంచి 3 మీటర్లు అన్నమాట. ఈ ఒక్క నియమాన్ని పాటించని పొగగొట్టాలు నేను చాలా చూశాను. నిచ్చెన అందేంత ఎత్తులో, వంపుకు దగ్గరగా రంధ్రం చేసి పెడతారు. అక్కడ తీసిన నమూనాను ఎంత మంచి త్రాసులో తూచినా ఆ అంకె నిజం చెప్పదు.

పైకి ఎక్కాక మొదట పిటాట్ గొట్టంతో వాయువు వేగాన్ని, థర్మోకపుల్‌తో ఉష్ణోగ్రతను కొలుస్తాం. గొట్టం అడ్డుకోతను లెక్క ప్రకారం భాగాలుగా విభజించి ప్రతి బిందువు దగ్గరా ఆగి చూస్తాం, ఎందుకంటే గోడ దగ్గరి వేగం, నడుమ వేగం ఒకటి కావు. ఆ వేగానికి సరిపోయే ముక్కును (నాజిల్‌ను) సాధనానికి తగిలించి, లోపల వాయువు ఎంత వేగంతో పైకి వెళుతోందో ముక్కులోకి కూడా సరిగ్గా అంతే వేగంతో వెళ్లేలా పంపును సరిచేయాలి. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గట్టి గింజ నేరుగా కింద పడి, తాలు గాలి వెంట పోతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. పంపు అవసరానికి మించి పీలిస్తే చుట్టుపక్కల వాయువంతా ముక్కు వైపు మళ్లుతుంది కానీ, బరువైన దుమ్ము రేణువులు తమ దారిన తాము నేరుగా వెళ్లిపోతాయి. అప్పుడు అంకె అసలు కంటే తగ్గుతుంది. తక్కువగా పీలిస్తే, ముక్కుకు ఎదురుగా వచ్చే వాయువులో కొంత పక్కకు తప్పుకున్నా దాంతో పాటు వచ్చిన బరువు రేణువులు లోపలికి దూసుకొచ్చి అంకె పెరుగుతుంది. రెండు వేగాల నిష్పత్తి 90 నుంచి 110 శాతం మధ్య ఉన్న నమూనానే ఒప్పుకోవాలి. ఏ నివేదికలోనైనా నేను మొట్టమొదట వెతికేది ఈ శాతాన్నే.

దుమ్ము చేరేది థింబుల్ అనే వేలి తొడుగు లాంటి గాజునార సంచిలో. పరీక్షకు ముందు దాన్ని ఆరబెట్టి తూచి అంకె వేస్తాం, తిరిగి తెచ్చాక మళ్లీ ఆరబెట్టి తూస్తాం. సిమెంట్ కిల్న్‌కు, అంటే సున్నపురాయిని కాల్చే పెద్ద కొలిమికి, ఇప్పుడు ఉన్న పరిమితి ఘనమీటరుకు 30 మిల్లీగ్రాములు. అంటే ఒక ఘనమీటరు వాయువును పీల్చిన తరువాత, పరిమితికి సరిగ్గా సరితూగే కిల్న్ దగ్గర, ఆ సంచిలో మిగిలేది 30 మిల్లీగ్రాముల దుమ్ము. చేతి తడి అంటినా, ఆరబెట్టే పెట్టెలో సిలికా జెల్ రంగు మారిపోయి తేమను పీల్చడం మానేసినా, దించేటప్పుడు ముక్కు గొట్టంలో అంటుకున్న దుమ్మును కడిగి కలపకపోయినా ఆ తేడా నేరుగా నివేదికలోకి వెళ్లిపోతుంది. మే నెల ఎండలో, కాలే ఇనుప ప్లాట్‌ఫాం మీద, చేతి తొడుగులతో ఈ పని చేసే కుర్రాళ్ల ఓపిక మీదే మొత్తం వ్యవహారం నిలబడి ఉంది. వారికి గట్టి మెట్లు, చుట్టూ కటకటాలు, కరెంటు పాయింటు ఇవ్వని యాజమాన్యం సరైన నివేదిక కోరుకుంటోందని నేను నమ్మలేను.

ఇక నివేదిక చివరి గడిలోకి అంకె వచ్చాక దాన్ని ఎలా చదవాలన్నది మరో సంగతి. పొగగొట్టంలోకి బయటి గాలిని కలిపితే పొగ పలచబడుతుంది, ఘనమీటరుకు దుమ్ము తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ ఊరి మీద పడే దుమ్ము ఒక్క గ్రాము కూడా తగ్గదు. దీన్ని అడ్డుకోవడానికే ఆక్సిజన్ సవరణ పెట్టారు. కిల్న్ విలువలను 10 శాతం ఆక్సిజన్‌కు సవరించి చెప్పాలి. కొలిచినప్పుడు 20 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి, ఆ సమయంలో పొగలో ఆక్సిజన్ 15 శాతం ఉందనుకోండి. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం కాబట్టి, 21 లోంచి 10 తీసేస్తే 11, 21 లోంచి 15 తీసేస్తే 6. 20ని 11తో గుణించి 6తో భాగిస్తే దాదాపు 36.7 వస్తుంది. సవరించకుండా చూస్తే పరిమితికి లోపల ఉన్నట్టు, సవరిస్తే దాటినట్టు. ఒకే పొగగొట్టం, ఒకే నమూనా, ఒకే థింబుల్. బాయిలర్లకైతే 12 శాతం కార్బన్ డయాక్సైడ్‌కు సవరించే పద్ధతి ఉంది. పొగలో అది 6 శాతమే ఉంటే కొలిచిన అంకె రెట్టింపవుతుంది. సవరణకు ముందూ తరువాతా ఉన్న రెండు అంకెలూ, ఆక్సిజన్ శాతమూ లేని నివేదికను వెనక్కి పంపి అడగడం కొన్నవారి హక్కు, చదివేవారి హక్కు కూడా.

అన్నిటికంటే ఎక్కువగా దాటవేసేది మాత్రం ఆ పూట యంత్రం ఎంత లోడుతో నడిచిందన్న వివరాన్ని. మిర్యాలగూడ ప్రాంతంలో ఒక మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసే అన్న నాతో మనసు విప్పి చెప్పిన మాట ఇది: "మీరు వస్తున్నరంటే ఊక తగ్గియ్యమంటరు సార్. మీరు దిగి పోంగనే మళ్లా మామూలే." ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు. మిల్లు పూర్తి జోరు మీద ఉన్నప్పుడు పొయ్యిలోకి పడే ఊక వేరు, వాయువు వేగం వేరు, పొగను సుడి తిప్పి బూడిదను వేరుచేసే సైక్లోన్ అనే పరికరం మీద పడే భారం వేరు. సగం లోడులో తీసిన నమూనా ఆ సగం లోడుకే సాక్ష్యం. గంటకు ఎన్ని టన్నుల ఆవిరి తయారైంది, ఎంత ఊక లేదా బొగ్గు వాడారు అన్నవి నివేదికలో రాయించి, బాయిలర్ లాగ్‌బుక్‌లోని ఆనాటి పేజీతో సరిచూసుకోవాలి. మా ప్రయోగశాలలో ఆ పేజీ నకలు లేకుండా నమూనాను లోపలికి తీసుకోము. దీనివల్ల కొన్ని పనులు మా చేయి దాటిపోయాయి కూడా. అయినా ఆ నిబంధన ఉండవలసిందేనని నా దృఢాభిప్రాయం.

ఊక బూడిద గురించి ఇంకొక మాట చెప్పాలి. ఊకను కాలిస్తే దాని బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అది తేలిక, పైగా గరుకు. మిల్లుల పక్కన ఉన్న ఇళ్ల డాబాల మీద, ఆరేసిన బట్టల మీద నల్లగా పడేది ఇదే. సైక్లోన్ రేకులను అది అరగదీస్తుంది, అడుగున బూడిద దించే వాల్వు దగ్గర సందు పడుతుంది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి లాక్కుపోవడం మొదలైతే కిందికి దిగవలసిన బూడిద మళ్లీ పైకి లేచి పొగగొట్టం దారి పడుతుంది. కొత్త ఫిల్టర్ కొనమని సలహా ఇచ్చే ముందు ఆ వాల్వు సీలు చూడాలి. పొగను సంచులతో వడగట్టే బ్యాగ్ ఫిల్టర్లు ఉన్న చోట పొగ మరీ చల్లబడి తేమ పట్టి సంచులు మూసుకుపోతున్నాయా, సంచులకు ఎక్కడైనా చిల్లులు పడ్డాయా, లోపలికీ బయటికీ మధ్య ఒత్తిడి తేడా ఎంత ఉంది అన్నవి చూడాలి. పర్యావరణ సలహాదారుల అసలు పని ఇదని నేను అనుకుంటాను. ఫైళ్లు సర్ది, అనుమతులు తెచ్చిపెట్టడంతోనే మన దగ్గర చాలామంది ఆగిపోతున్నారు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఇచ్చిన ఆదేశాల మేరకు సిమెంట్, థర్మల్ విద్యుత్తు, మందుల తయారీ వంటి 17 రకాల పరిశ్రమల్లో నిరంతరం కొలిచే మీటర్లు పెట్టి, అంకెలను నేరుగా మండలి సర్వర్లకు పంపుతున్నారు. ఇది మంచి మార్పే. కానీ దుమ్మును కొలిచే ఆ మీటర్లలో చాలావరకు కాంతి ఎంత చెదిరిందో, ఎంత అడ్డగించబడిందో మాత్రమే చూస్తాయి. దాన్ని మిల్లీగ్రాముల్లోకి మార్చే లెక్క, పైన చెప్పిన థింబుల్ పరీక్షతో పోల్చి కట్టిందే. బియ్యం మిల్లులు ఈ 17 రకాల్లో లేవు కాబట్టి వాటికి నిచ్చెన ఎక్కి తీసే నమూనాయే ఆధారం.

పరీక్షకు డబ్బు చెల్లించేది పరీక్షించబడే పరిశ్రమే. ఇందులోని చిక్కు అందరికీ తెలిసిందే. తక్కువ ధరకు పని ఒప్పుకుని, ఒకే రోజు లెక్కకు మించిన పొగగొట్టాలకు నివేదికలిచ్చేవారిని నమ్మకూడదు. వేగం కొలవడం, అన్ని బిందువుల దగ్గరా ఆగడం, ముక్కు మార్చడం, పరికరం లీకు పరీక్ష చేయడం అన్నీ కలిపితే ఒక్క పొగగొట్టానికే పూటలో పెద్ద భాగం గడిచిపోతుంది. ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని మాత్రమే కాకుండా, ఆ గుర్తింపు పరిధిలో పొగగొట్టపు దుమ్ము పరీక్ష ఉందా, గడువు తీరలేదు కదా అని కూడా చూసుకోవాలి.

మన ఊళ్లలో పరిశ్రమల పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగినప్పుడు ఉద్యోగాల గురించి, భూముల ధరల గురించి గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. దానితో పాటు అక్కడున్న పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో గాలి నమూనాలు ఏ నెలల్లో, గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నప్పుడు, ఏయే ఊళ్లలో తీశారో అడగండి. వానాకాలం మినహా ఒక రుతువు కొలతలు సరిపోతాయన్నది నియమం కాబట్టి, నైరుతి గాలుల కాలంలో పొగ ఏ ఊరి మీదికి వెళుతుందన్నది ఆ కొలతల్లో ఉండకపోవచ్చు. పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమలు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు ఇవ్వాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతోంది. అవి బహిరంగ పత్రాలు, ఎవరైనా అడగవచ్చు. పర్యావరణ అనుమతి అక్కరలేని బియ్యం మిల్లుల విషయంలో, 1981 చట్టం 51వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అనుమతుల రిజిస్టరు ఒకటి నిర్వహించాలి, సంబంధం ఉన్నవారు లేదా నష్టపోతున్నవారు ఎవరైనా పనివేళల్లో వెళ్లి దాన్ని చూడవచ్చు.