మొదటి రెజ్యూమే, బాబాయి ఎరువుల షాపు

ఈ రోజు మొత్తం ఒక్క పేజీ మీదే గడిచింది. పొద్దున ఉప్మా తిని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నదాన్ని, అన్నానికి ఒకసారి, మేడ మీద బట్టలు తేవడానికి ఒకసారి లేచానంతే. పేరు, చదువు, మార్కులు, ఫోన్ నంబరు, ఇంతేగా అనిపిస్తుంది ఎవరికైనా. కానీ ఇన్నేళ్లలో నేను ఏం నేర్చుకున్నాను, ఏ పని ఇస్తే చేయగలను అన్నది నన్ను ఎప్పుడూ చూడని మనిషికి అర నిమిషంలో అర్థమయ్యేలా రాయాలంటే చాలా ఆలోచించాల్సి వచ్చింది.

నాది బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్, 2025లో అయిపోయింది. నల్గొండలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్ కావాలట, రేపటికల్లా పంపు అని మా సీనియర్ అక్క నిన్న రాత్రి ఫోన్ చేసింది. తను హైదరాబాద్‌లో అలాంటి ఆఫీసులోనే చేస్తోంది.

నా దగ్గర ఒక ఫైల్ ముందే ఉంది. ఆఖరి సెమిస్టర్‌లో క్లాసంతా వాట్సాప్‌లో పంచుకున్నది. మిర్యాలగూడ బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్‌లో అడిగినా ఇంచుమించు అదే తీసి ఇస్తారు. పైన ఆబ్జెక్టివ్ అని మూడు లైన్లు, ఛాలెంజింగ్ వాతావరణంలో పనిచేస్తూ సంస్థతో పాటు ఎదగాలని కోరిక. తర్వాత స్ట్రెంగ్త్స్, అందులో హార్డ్ వర్కింగ్, పాజిటివ్ యాటిట్యూడ్, క్విక్ లెర్నర్. హాబీలు, పాటలు వినడం. చివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, మ్యారిటల్ స్టేటస్, ఆ కింద పైన రాసినవన్నీ నిజమని డిక్లరేషన్, స్థలం, తేదీ. మొత్తం చదివాను. పేరు తీసేసి మా క్లాసులో ఇంకెవరి పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. దాన్ని పక్కన పెట్టి ఖాళీ పేజీ తెరిచాను.

ఆబ్జెక్టివ్ స్థానంలో రెండే లైన్లు రాశాను: బీకాం చదివాను, ట్యాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద రోజువారీ ఎంట్రీలు, జీఎస్టీ పని చేసిన అనుభవం ఉంది, ఆడిటర్ ఆఫీసులో పని నేర్చుకోవాలనుకుంటున్నాను. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోటో తీసేశాను. నాన్నకి అది నచ్చలేదు. "తండ్రి పేరు లేకుండా బయోడేటా ఏందమ్మా?" అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు కూడా. ప్రభుత్వ దరఖాస్తుల్లో అది తప్పనిసరి, వీళ్లకి ఇప్పుడే అక్కర్లేదు, ఉద్యోగం వచ్చాక జాయినింగ్ ఫారంలో రాస్తాను నాన్నా అని చెప్పాను. కాసేపు నా వెనకే నిలబడి స్క్రీన్ చూసి, పేరు ముందు ఇంటి పేరైనా పూర్తిగా రాయి అన్నాడు. రాశాను. ఒక్క అక్షరం కంటే పూర్తి ఇంటి పేరు ఉంటేనే బాగుంది, సర్టిఫికెట్ల మీద కూడా అలాగే ఉంది.

చదువు భాగానికి అంత సేపు పడుతుందనుకోలేదు. మా బ్యాచ్ మార్కులు చూస్తే మా బ్యాచ్ కథంతా కనబడుతుంది. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు తెలుగు, హిందీ అయి, ఇంగ్లీషు రాకముందే కరోనాతో ఆగిపోయాయి. జూన్‌లో రద్దు చేసి ఇంటర్నల్ మార్కులను బట్టి గ్రేడ్లు ఇచ్చారు. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు 2021 అక్టోబర్‌లో పెట్టారు, అప్పటికి మేము సెకండియర్ పాఠాలు వింటున్నాం. పొద్దున సెకండియర్ క్లాసు, రాత్రి ఫస్టియర్ చదువు. ఇవన్నీ రెజ్యూమేలో రాసేవి కావు, కానీ ఆ చిన్న పట్టికలో 2020, 2022 అని టైప్ చేస్తుంటే అవే గుర్తొచ్చాయి. మా పదో తరగతి జీపీఏని కరోనా జీపీఏ అని తేలిగ్గా మాట్లాడేవాళ్లున్నారు. ఆ ఇంటర్నల్స్ మేము ఏడాదంతా రాసినవే, అందుకే పక్కన ఏ వివరణా పెట్టకుండా ఉన్నది ఉన్నట్టే రాశాను. ఇంటర్ వెయ్యికి ఎన్నో రాశాను, డిగ్రీకి మెమోలో ఉన్న సీజీపీఏనే రాశాను, దాన్ని పర్సంటేజీలోకి మార్చే జోలికి పోలేదు.

తర్వాత ఎక్స్‌పీరియన్స్. పాత ఫైల్‌లో అక్కడ "నిల్" అని ఉంది.

ఒక ఫ్రెండ్ ఎప్పటి నుంచో చెప్తోంది, డబ్బులిస్తే ఏడాది అనుభవం ఉన్నట్టు లెటర్ ఇచ్చేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, అందరూ పెట్టుకుంటున్నారు అని. పెట్టుకున్నవాళ్లలో కొందరికి ఉద్యోగాలు వచ్చిన మాటా నిజమే. కానీ నాకు ఆ దారి మీద నమ్మకం లేదు. పెద్ద కంపెనీలైతే పీఎఫ్ యూఏఎన్, అంటే ఉద్యోగి పీఎఫ్ నంబరు, చూస్తే ఎప్పుడు ఎక్కడ పనిచేశామో బయటపడుతుంది. చిన్న ఆఫీసులో అదంతా చూడకపోయినా, ట్యాలీ ముందు కూర్చోబెట్టి ఫలానా ఎంట్రీ వేయమంటే ఆ లెటర్ ఏం చేస్తుంది? అన్నిటికంటే, నేను చేసిన పని నా దగ్గర ఉండగా చేయని పని కొనుక్కోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

చేసిన పని అంటే బాబాయి షాపు. డిగ్రీ రెండో ఏడాది నుంచి సెలవుల్లోనూ, చదువు అయ్యాక పోయిన వానాకాలమంతా అక్కడే ఉన్నాను. ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు అమ్ముతారు. ఇంట్లో అందరూ దాన్ని "షాపులో కూర్చోవడం" అంటారు, పనిగా ఎవరూ లెక్కపెట్టరు, బంధువులు ఏం చేస్తున్నావని అడిగితే అమ్మ కూడా "ఖాళీగానే ఉంది" అనే చెప్తుంది. ఈ రోజు దాన్ని ముక్కలు ముక్కలుగా కాగితం మీద రాసుకుంటే ఎంత పని అందులో ఉందో నాకే తెలిసింది.

పోయిన ఆగస్టు తీసుకుందాం. యూరియా కొరత. తెల్లారకముందే లైన్లు, మనుషులు నిలబడలేక చెప్పులు పెట్టి పక్కన కూర్చునేవాళ్లు. పాస్‌బుక్ జిరాక్స్, ఆధార్ చేతిలో పట్టుకుని పెద్దవాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. నలభై ఐదు కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. యాభై పైసల చిల్లర దగ్గర నుంచి ప్రతిదీ తగువే. ఒక్కో రైతుకి ఈ-పాస్ మిషన్‌లో ఆధార్ నంబరు కొట్టి వేలిముద్ర వేయించాలి. పొలం పని చేసి చేసి వేలి గీతలు అరిగిపోయిన ముసలాయనకి మిషన్ వేలిముద్ర తీసుకోదు, తడిగుడ్డతో తుడిచి ఇంకో వేలు పెట్టించాలి, వెనక లైన్లో అరుపులు. మిషన్‌లో ఎక్కకుండా బస్తా ఇవ్వడానికి లేదు, సబ్సిడీ కంపెనీకి వెళ్లేదే ఆ అమ్మకం లెక్క మీద. సాయంత్రానికి మిషన్‌లో మిగిలిన స్టాకు, రిజిస్టర్‌లో స్టాకు, గోదాంలో ఉన్న బస్తాలు మూడూ ఒకటి కావాలి. తేడా వస్తే వ్యవసాయ అధికారి తనిఖీకి వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది బాబాయి. ఆ మూడు లెక్కలు రోజూ కలిపింది నేను. దీన్ని "నిల్" అని ఎలా రాస్తాను?

లోపల ట్యాలీ పని వేరే. ఎరువులకి 5 శాతం, పురుగుమందులకి 18 శాతం, వరి విత్తనాలకి పన్ను లేదు, ఒకే బిల్లులో మూడూ ఉంటాయి. 2025 సెప్టెంబర్ 22న కొత్త జీఎస్టీ రేట్లు వచ్చినప్పుడు జింకు లాంటి సూక్ష్మపోషకాలు 12 నుంచి 5కి తగ్గాయి. ఆ ఐటమ్‌లన్నిటికీ ట్యాలీలో ఆ తేదీ నుంచి కొత్త రేటు పెట్టి, పాత బిల్లులు చెదరకుండా చూసుకున్నాను. నెలనెలా 11లోపు జీఎస్టీఆర్-1కి (అమ్మకాల రిటర్ను), 20లోపు 3బీకి (పన్ను కట్టే రిటర్ను) లెక్కలు సిద్ధం చేసి బాబాయి ఆడిటర్‌కి పంపేదాన్ని. 14న 2బీ, అంటే సప్లయర్లు మన పేరు మీద ఎక్కించిన బిల్లుల జాబితా, రాగానే మన కొనుగోలు బిల్లులతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ చూసేదాన్ని. ఒక నెల ఒక డిస్ట్రిబ్యూటర్ బిల్లు అందులో లేదు. వాళ్లకి ఫోన్ చేస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు, మళ్లీ చేసి బిల్లు నంబరు చదివించి అడిగితే, మన జీఎస్టీ నంబరు తప్పుగా ఎక్కించారని తేలింది. వాళ్లు సరిచేసేదాకా వెంటపడ్డాను, లేకపోతే ఆ బిల్లు మీద కట్టిన పన్ను బాబాయికి వెనక్కి వచ్చేది కాదు.

ఇదంతా రాసుకున్నాక, అందరూ చేస్తున్నారు కదా అని ఏఐకి ఇచ్చి బాగు చేయమన్నాను. ఇంగ్లీషు చక్కగానే ఇచ్చింది, కానీ నా పని అందులో కనబడలేదు. స్టేక్‌హోల్డర్లతో సమన్వయం అంది, ఆపరేషనల్ ఎఫిషియెన్సీ పెంచానంది. వేలిముద్ర పడని ముసలాయన ఎక్కడ, స్టేక్‌హోల్డర్ ఎక్కడ! స్పెల్లింగులు, గ్రామర్ మాత్రం దాని దగ్గర తీసుకుని వాక్యాలు మళ్లీ నా మాటల్లో చిన్నగా రాశాను. రోజువారీ స్టాకును మిషన్, రిజిస్టర్‌తో సరిచూడటం అని ఒక లైను. కొనుగోలు బిల్లులను 2బీతో సరిపోల్చి తేడాలు సప్లయర్‌తో సరిచేయించడం అని ఒకటి. రేట్లు మారినప్పుడు ట్యాలీలో మార్పులు చేయడం అని ఇంకొకటి. దేని గురించి అడిగినా ఐదు నిమిషాలు మాట్లాడగలను.

మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేసి చదివి వినిపిస్తే తను ఒక మంచి మాట చెప్పింది. "మా సార్ మొదటి ప్రశ్న రెజ్యూమేలోంచి అడుగుతారు, రెండో ప్రశ్న నువ్వు చెప్పిన జవాబులోంచి అడుగుతారు, రెండోదానికి నిలబడేవే ఉంచు" అంది. ఆ లెక్కన ఒక్కో లైను చూసుకుంటూ వచ్చాను. ఎక్సెల్ దగ్గర "అడ్వాన్స్‌డ్" తీసేసి సార్టింగ్, ఫిల్టర్, పివోట్ టేబుల్ అని వచ్చినవే రాశాను. వీ-లుకప్ (VLOOKUP) ఫార్ములా ఇప్పుడే ప్రాక్టీసు చేస్తున్నాను కాబట్టి రాయలేదు. క్విక్ లెర్నర్ పోయింది. పాటలు వినడం కూడా పోయింది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి, ఆడిటర్ ఆఫీసుకు వచ్చేది ఎక్కువగా మన వ్యాపారస్తులే కదా, వాళ్లతో తెలుగులో ఓపిగ్గా మాట్లాడి కాగితాలు తెప్పించడం కూడా పనేనని అక్కే అంది.

షాపు పేరు రాయాలంటే బాబాయిని అడగాలి. ఫోన్ చేస్తే మొదట అర్థం కాలేదు ఆయనకి. "మన షాపులో చేసింది కూడా రాస్తారా బిడ్డా?" అన్నాడు. చదివి వినిపించాను. అంతా విని, "ఇన్ని చేశావా నువ్వు" అన్నాడు. లెటర్‌హెడ్ మీద రాసి సంతకం, స్టాంపు వేసి ఇస్తాను, ఏ నెల నుంచి ఏ నెల దాకా రాయాలో చెప్పు అన్నాడు. ఉన్న నెలలే చెప్పాను. సొంత మనుషుల షాపు అని తక్కువ చేస్తారేమో అన్న టెన్షన్ నాకు ఇంకా ఉంది, కానీ బంధుత్వం దాచను, అడిగితే మా బాబాయే అని చెప్తాను. బిల్లులూ రిటర్నులూ చుట్టరికం చూసి సరిపోవు కదా.

మిగతావి చిన్న పనులు. రెండు కాలమ్‌ల డిజైన్ బాగున్నా తీసేశాను, జాబ్ సైట్లలో అప్‌లోడ్ చేస్తే సాఫ్ట్‌వేర్ అలాంటివి సరిగ్గా చదవక వరసలు కలిపేస్తుంది, మార్కుల పట్టిక కూడా అందుకే మామూలు లైన్లుగా మార్చాను. ఒక్క పేజీలో సరిపోయింది. పేరుతో కొత్త మెయిల్ ఐడీ తెరిచాను. పీడీఎఫ్‌కి నా పేరే పెట్టాను. రాత్రి ఎనిమిది దాటాక అక్కకి, ఆడిటర్ గారి మెయిల్‌కి పంపాను, రెండు లైన్ల ఉత్తరం కూడా జత చేశాను.

పంపిన కాసేపటికి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి, నీదొకసారి పంపవే, పేరు మార్చి వాడుకుంటా అంది. పంపను అన్నాను, కోపం వచ్చింది దానికి. నీకు పనికి రాదే, ఇందులో ఉన్నది ఎరువుల షాపు, నువ్వేం చేశావో చెప్పు అని అడిగితే, ఏం లేదు ఇంట్లోనే ఉన్నా అంది. అది ఇంటర్ నుంచి వాళ్లమ్మ మహిళా సంఘం పుస్తకాలు రాస్తోంది! మీటింగ్ తీర్మానాలు, ఎవరి పొదుపు ఎంత కట్టారు, బ్యాంకు లింకేజీ లోను వాయిదాలు, వడ్డీ లెక్క, బ్యాంకుకి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడటం, అన్నీ ఇదే చూస్తుంది. ఆ సంఘంలో అందరి డబ్బూ దీని రాత మీద నడుస్తోంది, అయినా రెజ్యూమేలో "నిల్" అని రాసుకుంది. ఇలా అమ్మల పుస్తకాలు రాసేవాళ్లు, నాన్న షాపుల్లో కూర్చునేవాళ్లు, మిల్లుల దగ్గర కాంటా చీటీలు రాసేవాళ్లు మా క్లాసులోనే ఎంతమందో ఉన్నారు. మమ్మల్ని ఎవరైనా కాలేజీలో ఒక్క పూట కూర్చోబెట్టి ఇది అడిగి ఉంటే ఎంత బాగుండేది.

సంఘంలో ఎంతమంది సభ్యులు, నెలకి పొదుపు ఎంత, లోను ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, పొద్దున్నే వాళ్లమ్మని అడిగి పుస్తకాల ఫోటోలు పంపమన్నాను. రేపు మధ్యాహ్నం దానిది మొదలుపెడతాం.