మామయ్య పేరుతో రెండు పేజీలు

కడపలో చెక్కభజన పాటలు పాడే మా మామయ్య పాటలను స్ట్రీమింగ్ సేవలకు పంపినప్పుడు, ఆయన పేరును ఇంగ్లీషు అక్షరాలలో మొదటి పాటకు ఒక విధంగా, రెండవ పాటకు మరొక విధంగా నమోదు చేయడం వల్ల, ఒకే గాయకుడికి రెండు పేజీలు ఏర్పడ్డాయి. వాటిని కలిపించడానికి పాటలను పంపిణీ చేసే సంస్థకు పదేపదే మెయిల్ రాయవలసి వచ్చింది. కాబట్టి పేరు రాసే తీరును అన్నిటికంటే ముందే స్థిరపరచుకోవాలి.

ఆ తరువాత, స్పాటిఫైలో గాయకులు తమ పేజీని తామే చూసుకునే స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో ప్రొఫైల్‌ను క్లెయిమ్ చేశాం, అంటే ఆ పేజీ మామయ్యదేనని నమోదు చేసుకున్నాం. అక్కడ ఫోటో కనీసం 750 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. స్టూడియోలో తీయించిన ఫోటోను పక్కన పెట్టి, రామాలయం అరుగు మీద మామయ్య చెక్కలు పట్టుకుని, కాలి గజ్జెలు సరిచేసుకుంటున్న ఫోటో పెట్టాం. ఆయన పాట అందులోనే వినిపిస్తుందని నా నమ్మకం. పరిచయానికి 1500 అక్షరాల వరకు చోటు ఉంటుంది. ఖాళీగా వదలకుండా ఊరిని, గురువుగారిని, ఏ పాటను ఏ సందర్భంలో పాడతారో అందులో రాశాం.

కొత్త పాటను విడుదలకు కనీసం 7 రోజుల ముందు అక్కడి నుంచే ప్లేలిస్ట్ ఎడిటర్ల పరిశీలనకు పంపితే, అది ఫాలోవర్లకు కొత్త పాటలను వినిపించే రిలీజ్ రాడార్ అనే ప్లేలిస్ట్‌లో చేరుతుంది. శ్రీరామనవమి పాటను ఈసారి ఆ గడువులోపే పంపబోతున్నాం.