కుక్క వెనక కాళ్లు పడిపోతే ఎక్స్‌రే దగ్గరే ఆగిపోకండి

డాక్స్‌హండ్, బీగల్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ పెంచేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. వెన్నుపూసల మధ్య డిస్క్ అంటే తాటిముంజెలా పైన పొర, లోపల మెత్తటి జెల్లీ. ఈ జాతుల్లో ఆ జెల్లీ చిన్న వయసులోనే ఎండిపోయి సున్నం పట్టేస్తుంది, తర్వాత ఏ సోఫా మీంచో దూకినప్పుడు, ఒక్కోసారి ఏమీ చెయ్యకపోయినా, పొర చిరిగి లోపలిది బయటికొచ్చి వెన్నుపాముని నొక్కేస్తుంది.

మా చింటూ డాక్స్‌హండే. వెనక కాళ్లు తడబడుతుంటే ముందు ఎక్స్‌రే తీశారు, ఎముకలన్నీ బానే ఉన్నాయి. ఉంటాయి మరి, ఎక్స్‌రేలో కనపడేది ఎముక, వెన్నుపాము కాదు. పూసల మధ్య సందు తగ్గిందని అనుమానపడొచ్చు, అంతవరకే. సీటీలో సున్నం పట్టిన ముక్క బాగానే తెలుస్తుంది, ఎంఆర్ఐ దొరకని చోట అది నిజంగా పెద్ద సాయం, కానీ వెన్నుపాము లోపల వాపుందా, ఎంత మేర దెబ్బతింది అనేది చూడాలంటే ఎంఆర్ఐనే కావాలి.

ఎంఆర్ఐ స్కాన్ అయ్యాక డాక్టర్ గారు కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి చూపించారు. టీ2 అనే ఇమేజ్‌లో నీరున్నది తెల్లగా వస్తుంది, బాగున్న డిస్క్ మధ్యలో తెల్లగా ఉంటుంది, ఎండిపోయింది నల్లగా. చింటూకి నల్లవి చాలానే ఉన్నాయి, నాకు గుండె జారిపోయింది, కానీ నల్లగా ఉన్నవన్నీ నొక్కట్లేదు అన్నారు. పక్కటెముకలు అయిపోయే చోట ఒక్క దగ్గర నల్లటి ముద్ద పైకి పొడుచుకొచ్చి వెన్నుపాము పక్కకి ఒరిగిపోయి ఉంది. అడ్డంగా తీసిన ఇమేజ్‌లో అది ఎడమ వైపని తేలింది, సర్జన్ ఆ వైపే ఎముక తొలిచి ముక్క తీసేశారు.

ఇంకోటి, డిస్క్ ముక్క వెన్నుపాము రక్తనాళంలో అడ్డం పడినా కాళ్లు ఇలాగే పడిపోతాయి, దానికి ఆపరేషన్ అక్కర్లేదు. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి కూడా ఎంఆర్ఐనే ఆధారం.

స్కాన్ జరిగేటప్పుడు కదలకూడదు కాబట్టి పూర్తి మత్తు ఇస్తారు, ముందు రక్తపరీక్షలు చేస్తారు, భయపడకండి. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే చెప్పండి, దాని చుట్టూ బొమ్మ చెడిపోతుంది.

అయితే స్కాన్ కన్నా ముందు డాక్టర్ చేత్తో చేసే పరీక్ష ముఖ్యం. కుక్క వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే కాలు లాక్కోవడం ఒక్కటే లెక్కలోకి రాదు, తల తిప్పి చూడాలి లేదా అరవాలి, అప్పుడే నొప్పి మెదడు దాకా వెళ్తున్నట్టు. అది ఉండగా ఆపరేషన్ చేస్తే చాలావరకు మళ్లీ నడుస్తాయి, పోయాక చేస్తే అవకాశం సుమారు సగానికి పడిపోతుంది. అందుకే కాళ్లు ఈడుస్తుంటే రేపు చూద్దాం అనొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి, ఛాతీ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి వీపు వంగకుండా ఎత్తండి, ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం అస్సలు వెయ్యొద్దు, కుక్కలకి అది విషం.