కూతుళ్లు, కోడళ్లు నిలబెట్టిన బిరుదు: మార్ల్‌బరో డ్యూకుల వంశం

బ్రిటన్‌లో వంశపారంపర్యంగా వచ్చే బిరుదులు చాలావరకు మగ సంతతికే సంక్రమిస్తాయి. మొదట బిరుదు పొందినవాడి వంశంలో మగవాడెవడూ మిగలకపోతే ఆ బిరుదు అంతరించిపోయినట్టే. మార్ల్‌బరో డ్యూక్ బిరుదు కూడా ఈ పద్ధతిలోనే నడిచి ఉంటే రెండో తరాన్ని చూడకుండానే 1722లో ముగిసిపోయేది. అది మూడు వందల ఏళ్లు దాటి నేటికీ నిలిచి ఉందంటే, యుద్ధభూమిలో గెలిచిన మగవాడి కన్నా ఆ ఇంటి ఆడవాళ్ల పాత్రే ఎక్కువని, ఆ వంశ చరిత్ర చదివే కొద్దీ నాకు బలపడుతూ వచ్చిన అభిప్రాయం.

మూలపురుషుడైన జాన్ చర్చిల్ 1650లో డెవన్‌లో పుట్టాడు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచినందుకు జరిమానాలు కట్టి చితికిపోయిన కుటుంబం వాళ్లది. తర్వాతి కాలంలో రెండో జేమ్స్‌గా సింహాసనమెక్కిన యార్క్ డ్యూక్‌కు జాన్ అక్క అరబెల్లా ప్రేయసి కావడంతో ఆ ఇంటికి దర్బారులో దారి దొరికింది. జాన్ సమర్థుడే, కానీ విధేయత విషయంలో అవకాశవాది కూడా. తనను పైకి తెచ్చిన జేమ్స్‌ను 1688లో వదిలి, ఆయన మీదికి దండెత్తి వచ్చిన అల్లుడు విలియం వైపు చేరి, మరుసటి ఏడాది మార్ల్‌బరో ఎర్ల్ (డ్యూక్ కన్నా కింది హోదా) అయ్యాడు. అంతకన్నా పెద్ద అదృష్టం ఆయన భార్య సారా జెన్నింగ్స్ రూపంలో వచ్చింది. జేమ్స్ కూతురైన యువరాణి యాన్‌కు సారా ప్రాణస్నేహితురాలు. రాకుమారి, పరిచారిక అన్న అంతరం తమ మధ్య ఉండకూడదని ఉత్తరాల్లో ఒకరు మిసెస్ మోర్లీగా, మరొకరు మిసెస్ ఫ్రీమన్‌గా మారుపేర్లు పెట్టుకున్నంత చనువు వాళ్లది. 1702 మార్చిలో యాన్ రాణి అయింది, అదే ఏడాది డిసెంబరులో జాన్ డ్యూక్ అయ్యాడు. బిరుదుకు కారణం సైనిక విజయాలేనని చెప్పుకోవచ్చు గానీ, ఆయన పేరును చరిత్రలో నిలిపిన బ్లెనిమ్ యుద్ధం అప్పటికి ఇంకా జరగనే లేదు.

ఆ యుద్ధం 1704 ఆగస్టు 13న బవేరియాలో డాన్యూబ్ ఒడ్డున జరిగింది. సవాయ్ రాకుమారుడు యూజీన్‌తో కలిసి జాన్ ఫ్రెంచి, బవేరియా సేనలను చిత్తుగా ఓడించి, ఫ్రెంచి సేనాని టాలార్‌ను బందీగా పట్టుకున్నాడు. ఆ సాయంత్రం గుర్రం మీద ఉండగానే, చేతికందిన ఒక సారాయి దుకాణం బిల్లు వెనక పెన్సిలుతో నాలుగు ముక్కలు గీకి, రాణికి విజయవార్త చెప్పమని పంపాడు. ఆ చీటీ రాసింది రాణికి కాదు, భార్యకు. ఆ ఇంటి పలుకుబడి ఎవరి చేతుల మీదుగా నడిచేదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే కాగితం నాకు కనిపించలేదు.

ఇంత వైభవంలోనూ వారసుడు లేడు. బతికి ఉన్న ఒక్కగానొక్క కొడుకు బ్లాండ్‌ఫర్డ్ మార్క్విస్, కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటూ 1703 ఫిబ్రవరిలో మశూచికంతో చనిపోయాడు. అందుకని 1706 డిసెంబరులో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, బిరుదు జాన్ కూతుళ్లకూ, వాళ్ల సంతతికీ చెందేలా ఏర్పాటు చేసింది. తపాలా శాఖ ఆదాయం నుంచి ఏటా 5,000 పౌండ్ల భరణాన్ని కూడా వంశానికి శాశ్వతం చేసింది. 1722లో జాన్ పోయాక పెద్ద కూతురు హెన్రియెట్టా తన సొంత హక్కుతో డచెస్ (డ్యూక్ హోదా గల స్త్రీ) అయింది. ఆమె కొడుకు ఆమె కన్నా ముందే, 1731లో కన్నుమూశాడు. కూతురు మేరీ ఉంది కదా అనుకుంటాం. కానీ హెన్రియెట్టా తర్వాత ఆమె మగ సంతతికే హక్కు అని చట్టంలో ఉంది. కనుక 1733లో బిరుదు మేరీని దాటి, రెండో కూతురు యాన్ కొడుకైన సండర్‌లాండ్ ఎర్ల్ చార్ల్స్ స్పెన్సర్‌కు వెళ్లింది. దాంతో ఇంటిపేరు స్పెన్సర్‌గా మారింది. చార్ల్స్ తమ్ముడు జాన్‌కు ఆల్‌థార్ప్ ఎస్టేటు దక్కింది. యువరాణి డయానా పుట్టింటివారు ఆయన సంతతే.

ఈ మార్పులన్నిటినీ కళ్లారా చూస్తూ సారా 1744 దాకా బతికింది. రాణితో స్నేహం చెడి, 1711లో భార్యాభర్తలిద్దరూ పదవులు పోగొట్టుకున్నారు. విజయానికి కానుకగా వుడ్‌స్టాక్‌లో కట్టడం మొదలుపెట్టిన బ్లెనిమ్ ప్యాలెస్‌కు 1712లో ఖజానా నుంచి డబ్బు ఆగిపోయింది. ఆ భవనమంటే సారాకు మొదటినుంచీ గిట్టేది కాదు. అయినా భర్త పోయాక పట్టుబట్టి పూర్తి చేయించింది ఆమే. వాస్తుశిల్పి వాన్‌బ్రూతో ఆమె వైరం ఎంత దూరం వెళ్లిందంటే, 1725లో ఆయన భార్యతో, మిత్రులతో కలిసి తాను రూపకల్పన చేసిన భవనాన్ని చూడటానికి వస్తే లోపలికి రానివ్వలేదు. తోటలో 134 అడుగుల విజయస్తంభం నిలబడి ఉంది. దాని పీఠానికి ఒక వైపు యుద్ధాల ప్రశస్తి ఉండగా, మిగిలిన మూడు వైపులా చెక్కించింది పార్లమెంటు చట్టాల పాఠం. కీర్తి కన్నా దస్తావేజు గట్టిదని సారాకు తెలిసినంతగా ఆ వంశంలో మరెవరికీ తెలియదేమో.

తర్వాతి మగవాళ్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఖర్చుల గురించి తప్ప. నాలుగో డ్యూక్ కాలంలో ఉద్యానవనాల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ ఎస్టేటులో పెద్ద సరస్సు ఏర్పరిచాడు. 1817లో ఇంటిపేరును స్పెన్సర్-చర్చిల్‌గా మార్చిన ఐదో డ్యూక్‌కు మొక్కల పిచ్చి, పుస్తకాల పిచ్చి. వారసుడిగా ఉన్న రోజుల్లోనే, 1471లో వెనిస్‌లో అచ్చయిన ఒక్క పుస్తకం కోసం 1812 వేలంలో 2,260 పౌండ్లు పోశాడు. అప్పుడు చివరిదాకా పోటీ పడి ఓడిపోయింది ఆల్‌థార్ప్ శాఖకు చెందిన ఎర్ల్ స్పెన్సరే. అప్పులవాళ్ల ఒత్తిడి మీద 1819లో ఆ పుస్తకాన్ని మళ్లీ వేలానికి పెడితే వచ్చింది 918 పౌండ్లు, అది చేరింది ఆ ఎర్ల్ చేతికే. ఓపిక పట్టిన దాయాదికి సగం ధర కన్నా తక్కువకే దొరికిందన్నమాట.

అక్కడి నుంచి అమ్మకాలే అమ్మకాలు. 1875లో చెక్కడపు రత్నాలు పోయాయి; వంశపు ఆస్తిని అమ్ముకోవడానికి 1880లో వచ్చిన చట్టం వెసులుబాటు ఇచ్చాక గ్రంథాలయమూ పోయింది; 1885లో రఫాయెల్ చిత్రాన్ని నేషనల్ గ్యాలరీ 70,000 పౌండ్లకు కొనుక్కుంది. శాశ్వతమనుకున్న భరణానికి బదులుగా కూడా 1884లో ఒకేసారి లక్ష పౌండ్లకు పైగా తీసేసుకున్నారు.

అప్పుడు మళ్లీ ఒక స్త్రీయే ఇంటిని నిలబెట్టింది, ఈసారి ఇష్టం లేకుండా. తొమ్మిదో డ్యూక్ 1895 నవంబరు 6న న్యూయార్క్‌లో రైల్వే సంపన్నుల బిడ్డ కాన్సుయేలో వాండర్‌బిల్ట్‌ను పెళ్లాడాడు. కట్నంగా వచ్చింది 25 లక్షల డాలర్ల రైల్వే వాటాలు. ఆ డబ్బుతో బ్లెనిమ్ మళ్లీ కళకళలాడింది, కాపురం మాత్రం నిలవలేదు. 1921లో విడాకులయ్యాయి. 1926లో చర్చి కూడా వివాహాన్ని రద్దు చేసింది. తల్లి బలవంతం మీదే తాను ఒప్పుకున్నానని కాన్సుయేలో ఇచ్చిన వాంగ్మూలమే అందుకు ఆధారం. కొత్త కోడలిగా అడుగుపెట్టినప్పుడు డ్యూక్ నాయనమ్మ, త్వరగా కొడుకును కనమని, లేకపోతే ఆ మిడిసిపాటు కుర్రాడు విన్‌స్టన్ డ్యూక్ అవుతాడని అన్నదట. అన్నది విన్‌స్టన్ చర్చిల్‌కు కూడా సొంత నాయనమ్మే! 1897 సెప్టెంబరులో కాన్సుయేలోకు కొడుకు పుట్టడంతో విన్‌స్టన్ వారసత్వ వరసలో వెనక్కి జరిగాడు. డ్యూక్ అయి ఉంటే ప్రభువుల సభలో కూర్చోవలసి వచ్చేది, కామన్స్ సభ ఆయనకు మూసుకుపోయేది. 1955లో స్వయంగా రాణి తరఫున డ్యూక్ బిరుదు ప్రస్తావన వచ్చినా ఆయన వద్దన్నాడు.

1950 నుంచి బ్లెనిమ్‌లోకి టికెట్టు కొని ఎవరైనా వెళ్లవచ్చు. 1999 చట్టంతో వంశపారంపర్య ప్రభువుల్లో 92 మంది తప్ప అందరూ ప్రభువుల సభలో స్థానం కోల్పోయినప్పుడు, అలా కోల్పోయినవారిలో పదకొండో డ్యూక్ కూడా ఉన్నాడు. ఇప్పుడున్నది పన్నెండో డ్యూక్. పార్లమెంటులో చోటు పోయినా, రాజవంశం ఇచ్చిన భూమికి శిస్తు మాత్రం పోలేదు. ఏటా ఆగస్టు 13 నాటికి ఫ్రెంచి రాజచిహ్నమున్న పట్టు పతాకం ఒకటి విండ్సర్ కోటకు చేరాలి. డ్యూకులు దాన్ని నేటికీ చెల్లిస్తూనే ఉన్నారు.